91 గొప్పదా, 52 గొప్పదా: ఎల్గిగిట్‌గిన్ కోర్ల కేస్ స్టడీ

నేలలోకి రంధ్రం తవ్వి కడ్డీలా పైకి తీసిన రాతినో మట్టినో కోర్ అంటాం, దాన్ని చూసి, కొలిచి రాసుకోవడం లాగింగ్. బొగ్గు కోర్లు లాగ్ చేసేవాడికి మొదట అంటుకునే జబ్బు రికవరీ శాతం. రాడ్లు పైకొస్తాయి, బ్యారెల్ విప్పుతారు, ముక్కలు బాక్సులో పేర్చి పక్కన టేపు పెడతాం. తవ్వింది మూడు మీటర్లు, చేతికొచ్చింది రెండున్నర. ఇక డ్రిల్లర్‌తో పేచీ. గోదావరి లోయలో నేను పనిచేసిన రోజుల్లో ఆ పేచీకి అర్థం ఉండేది. ఇసుకరాయి ఎంత పోయినా ఎవరికీ పట్టదు. బొగ్గు పొర పెళుసు కాబట్టి కోర్ నలిగేది సరిగ్గా అక్కడే, పొర మందం తప్పితే గని లెక్కంతా తప్పినట్టే. అందుకే 90 దాటితే శభాష్, 60కి దిగితే పక్కనే మళ్ళీ రంధ్రం.

ఆ అలవాటుతోనే తర్వాత గడ్డకట్టిన నేల కోర్ల పనిలోకి వచ్చాను. అక్కడ నా లెక్క తిరగబడింది. తిరగేసిన చోటు నేను కంటితో చూసింది కాదు. రష్యా ఈశాన్యపు కొసన, చుకోట్కాలో ఉన్న ఎల్గిగిట్‌గిన్ సరస్సు. 2008-09 చలికాలంలో అక్కడ రెండు చోట్ల తవ్వారు. ఒకటి ఒడ్డున, పర్మాఫ్రాస్ట్‌లో, అంటే ఏళ్ళ తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే నేలలో: 141.5 మీటర్లు, రికవరీ 91 శాతం. రెండోది సరస్సు మీది మంచు పలక మీద నిలబడి, నీళ్ళు దాటి, అడుగు మట్టిలోకి. ఈ రెండో చోట అన్నిటికంటే లోతుకు పోయిన రంధ్రంలో, మట్టి భాగం వరకు రికవరీ 52 శాతం. నా పాత లెక్కన మొదటిది మంచి కోర్, రెండోది పనికిమాలిన కోర్. ఆర్కిటిక్‌లో 36 లక్షల ఏళ్ళ వాతావరణం బయటపడింది మాత్రం ఆ పనికిమాలిన దాని సాయంతోనే.

కొత్తగా లాగింగ్‌కి వచ్చే పిల్లలకి నేను ముందుగా చెప్పే కేసు ఇదే. సరస్సు సంగతులు అచ్చయిన నివేదికల్లోవి. మిగతావి చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి. మైనస్ పదిహేను డిగ్రీల గదిలో చేసే పనికి కాల్చుకోవడం అనే మాట కుదరదేమో గానీ, నొప్పి మాత్రం అలాంటిదే.

చోటు

ఆ పేరు నోరు తిరగదు. ప్రాజెక్టువాళ్ళు కూడా 'లేక్ ఈ' అని సరిపెట్టుకున్నారు, మనమూ అదే చేద్దాం. సుమారు 36 లక్షల ఏళ్ళ కిందట అక్కడ ఒక ఉల్క పడింది. 18 కిలోమీటర్ల వెడల్పు గుంట ఏర్పడింది, దాంట్లో నీళ్ళు నిలిచాయి. ఇప్పటి సరస్సు వెడల్పు 12 కిలోమీటర్లు, లోతు 170 మీటర్లు. ఆర్కిటిక్ వృత్తానికి వంద కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. చుట్టూ చెట్టు లేని టుండ్రా.

ఉల్క గుంటలు లోకంలో ఇంకా ఉన్నాయి. దీని విలువంతా ఒక్క విషయంలో ఉంది: మంచు యుగాల్లో ఉత్తర అమెరికానూ స్కాండినేవియానూ కప్పేసిన మంచుఫలకాలు దీని మీదికి ఎక్కలేదు. మంచుఫలకం కదిలిందంటే కింద ఉన్న పాత మట్టినంతా గీకి పారేస్తుంది, సరస్సు చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ ఆ గీకుడు పడలేదు. ఉల్క పడ్డ కొద్దికాలం నుంచి నేటిదాకా మట్టి పొర మీద పొర పడుతూనే ఉంది.

ఇంకో తమాషా ఉంది. చుట్టూ నేల మూడొందల మీటర్లకు పైగా లోతు గడ్డకట్టి ఉంటుంది. సరస్సు అడుగు మాత్రం గడ్డకట్టదు. పైన ఎంత చలి ఉన్నా అంత లోతు నీళ్ళు అడుగుదాకా మంచు కావు కాబట్టి కింద మట్టి మెత్తగానే ఉంటుంది. గడ్డకట్టిన నేల నడుమ ఇలా కరిగి ఉండే భాగాన్ని రష్యన్లు 'తాలిక్' అంటారు, ఈ రంగంలో అందరూ ఆ మాటే వాడతారు. అంటే ఒకే ఊళ్ళో రెండు రకాల నేల: ఒడ్డున రాయిలా గట్టిపడ్డ కంకర, సరస్సు కింద మెత్తటి బంకమట్టి. డ్రిల్లర్‌కి ఇవి రెండు వేర్వేరు ఉద్యోగాలు.

1998లో మొదటిసారి తీసిన కోర్ 13 మీటర్లు కూడా లేదు. అయినా సుమారు రెండున్నర లక్షల ఏళ్ళు పలికింది. తర్వాత ధ్వని తరంగాలతో అడుగును పరీక్షిస్తే మట్టి మూడొందల మీటర్లు దాటి ఉందని తేలింది. ఇక ఆగలేరు కదా.

సామాను చేరడం

మా అనంతపురం వైపు బోరు లారీ సందులోకి తిరగకపోతే అదొక పెద్ద కష్టం, గోడ పడగొట్టాలా వద్దా అని ఊరంతా చర్చ. ఇక్కడ రిగ్గు అమెరికాలో ఓడెక్కి, వ్లాదివొస్తోక్ మీదుగా పెవెక్ అనే ఆర్కిటిక్ రేవుకి చేరింది. అక్కణ్ణుంచి దారి లేని టుండ్రా మీద మూడొందల యాభై కిలోమీటర్లు, ముందు బుల్డోజర్లు, వెనక ట్రక్కులు. అది కూడా చలికాలంలోనే. వేసవిలో పర్మాఫ్రాస్ట్ పై పొర కరిగి బురదవుతుంది, బరువు బండి దిగబడిపోతుంది. వేసవి మంచిదనీ చలికాలం చెడ్డదనీ అనుకునే మన లెక్క అక్కడ పూర్తిగా తలకిందులు.

జర్మనీ నుంచి మార్టిన్ మెల్లెస్, అమెరికా నుంచి జూలీ బ్రిగమ్-గ్రెట్, రష్యా నుంచి పావెల్ మిన్యుక్, ఆస్ట్రియా నుంచి క్రిస్టియన్ కోబెర్ల్ ముందుండి నడిపించిన ప్రాజెక్టు ఇది. ఖండాల మీద శాస్త్రీయ డ్రిల్లింగ్ చేయించే అంతర్జాతీయ సంస్థ ఐసీడీపీ దీనికి గొడుగు పట్టింది.

సరస్సు మీద రిగ్గు నిలబెట్టడం ముచ్చటైన పని. రిగ్గూ సరంజామా కలిపి వంద టన్నుల మాట. సహజంగా కట్టిన మంచు పలక దానికి చాలదు. అందుకని వంద మీటర్ల వెడల్పున పైన పడ్డ పొడి మంచును ఊడ్చేశారు. పొడి మంచు దుప్పటి లాంటిది, అది ఉంటే కింది పలక మందం పెరగదు. తర్వాత సరస్సు నీళ్ళే పైకి తోడి పోశారు, గడ్డకట్టనిచ్చారు, మళ్ళీ పోశారు. అలా పలకను 2.3 మీటర్లకు తెచ్చారు. దోసె మీద దోసె పోసినట్టు. ఆ పలక మీద రిగ్గు, రిగ్గు కింద 170 మీటర్ల నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున మొదలు అసలు పని.

రెండు భయాలు

ఒడ్డు రంధ్రం ముందు జరిగింది, 2008 నవంబరు, డిసెంబరుల్లో. సరస్సు రంధ్రాలు 2009 తొలి నెలల్లో. ఈ రెంటి మధ్య తేడా నాకు బాగా నచ్చే విషయం. ఒడ్డు కోర్ కరగకూడదు. సరస్సు కోర్ గడ్డకట్టకూడదు.

పర్మాఫ్రాస్ట్ కోర్‌లో మంచు కూడా శిలే. మట్టి రేణువుల మధ్య మంచు ఎలా అమరింది, పలచటి పలకలుగానా, వలలాగా, మట్టి ముక్కలు మంచులో తేలుతున్నట్టుగానా అన్నదే నేల ఎలా గడ్డకట్టిందో చెబుతుంది. ఆ మంచులోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) ఆ నీరు ఎంత చలిలో కురిసిందో చెబుతాయి. ఒకసారి కరిగితే అమరిక పోతుంది, నీరు అటూ ఇటూ కలిసిపోతుంది. అందుకే ఈ పనిలో బిట్టును, అంటే రాడ్ల కొసన నేలను కోసే ముక్కను, నెమ్మదిగా తిప్పుతారు, చిన్న చిన్న రన్‌లు తీస్తారు. బ్యారెల్ ఒకసారి దించి పైకి తీయడం ఒక రన్. బోరు వేసేటప్పుడు మనకు నీళ్ళు పడితే పండగ. ఇక్కడ రంధ్రంలో నీటి చుక్క కనిపిస్తే గుండె జారుతుంది, బిట్టు రాపిడికి కోర్ ఉడుకుతోందని అర్థం.

నేను పనిచేసిన ఒక శీతల గదిలో ఒక శనివారం రాత్రి కంప్రెసర్ ఆగింది. ఆదివారం ఎప్పుడో దానంతట అదే మళ్ళీ మొదలైంది. సోమవారం ఉదయం వెళ్ళేసరికి గది చల్లగా ఉంది, సంచులన్నీ రాయిలా గట్టిగా ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. రంపం పెట్టబోతూ ఒక సంచి తిప్పి చూశాను. ఒక మూల నీరు చేరి పలకలా గడ్డకట్టి ఉంది. కోర్ గుండ్రంగా ఉండాల్సింది, అడుగు భాగం చదునుగా ఉంది. కరిగి, కూలి, మళ్ళీ గడ్డకట్టింది. కరిగి బురదైన కోర్ కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ సంచిని చూసుకోకుండా కొలిచి ఉంటే అందమైన తప్పుడు అంకెలు వచ్చేవి. అప్పటినుంచీ ప్రతి బాక్సులో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న లాగర్ లేకపోతే నేను సంతకం పెట్టను.

సరస్సు మట్టికి దీనికి ఎదురు భయం. నీరు నిండిన మెత్తటి మట్టి గడ్డకడితే లోపల మంచు స్ఫటికాలు పెరిగి, గోరు మందం కూడా లేని పొరల్ని చీల్చేస్తాయి. కాబట్టి బయట ఒళ్ళు కొరికే చలిలో, కోర్ పైకి వచ్చిన క్షణం నుంచి దాన్ని వెచ్చగా ఉంచాలి. మైళ్ళ కొద్దీ గడ్డకట్టిన దేశంలో ఒక మట్టి కడ్డీ గడ్డకట్టకుండా కాపలా కాయడం! అక్కణ్ణుంచి హెలికాప్టర్‌లో పెవెక్‌కి, విమానంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి, చివరికి కొలోన్ విశ్వవిద్యాలయానికి. అక్కడ నిలువుగా రెండుగా కోశారు. ఒక సగం పరీక్షలకు, ఒక సగం భద్రంగా దాచడానికి మినెసోటా విశ్వవిద్యాలయపు కోర్ భాండాగారానికి.

52 లెక్క

సరస్సులో మూడు రంధ్రాలు. మొదటిది సుమారు 147 మీటర్ల దగ్గర ఆగింది, రెండోది 112 దగ్గర. రికవరీ వరసగా 92, 98 శాతం. మూడోది మాత్రం మట్టి అంతా దాటి, 318 మీటర్ల దగ్గర ఉల్క పగలగొట్టిన రాతిని తాకి, 517 దాకా పోయింది. ఈ మూడో దాంట్లోనే మట్టికి 52 శాతం.

రెండు రంధ్రాలు పక్కపక్కనే ఎందుకు? ప్రతి రన్ చివర కొంత మట్టి జారుతుంది, కొంత నలుగుతుంది. రికవరీ నూరు శాతం అని కాగితం మీద ఉన్నా రన్‌కీ రన్‌కీ మధ్య కొన్ని సెంటీమీటర్లు ఎప్పుడూ పోతాయి. రెండో రంధ్రంలో రన్‌ల అతుకులు మొదటిదాని అతుకులకు ఎదురుగా పడకుండా లోతు కాస్త జరుపుతారు. ఇటుకల గోడలో కీళ్ళు ఒకే వరసలో పడనీయకుండా మేస్త్రీ కట్టినట్టు. తర్వాత రెండు కోర్లనూ రంగు, అయస్కాంత గుణం చూసి పొరకు పొర జత చేసి ఒకే కోర్‌గా కూర్చుతారు. 112 మీటర్ల దాకా ఈ సదుపాయం గట్టిగా ఉంది. 147 దాటాక మూడో రంధ్రం ఒక్కటే దిక్కు, దాంట్లో సగం లేదు.

ఇక్కడే నేను కాగితం తీసి లెక్క వేశాను. పై 135 మీటర్లలో 28 లక్షల ఏళ్ళున్నాయి. అంటే సగటున మీటరుకి 20 వేల ఏళ్ళ పైమాట. దాని కింద 183 మీటర్లలో ఉన్నవి 8 లక్షల ఏళ్ళే. మీటరుకి సుమారు 4,400. మొదట్లో గుంట గోడలు నిటారుగా, కొత్తగా ఉండేవి, వాతావరణం తడిగా వెచ్చగా ఉండేది. మట్టి జోరుగా వచ్చి పడింది.

ఇప్పుడు చెప్పండి. పైన ఒక్క మీటరు పోతే 20 వేల ఏళ్ళు పోతాయి. భూమి అక్షం బొంగరంలా ఊగే చక్రం దాదాపు అంత కాలమే కాబట్టి ఒక పూర్తి తడవ వేడీ చలీ మాయమైనట్టు. కింద మీటరు పోతే 4,400 ఏళ్ళు. చక్రం ఇంకా కనిపిస్తుంది, అక్కడక్కడా చిల్లులతో. పైన 98 శాతం ఎంత అవసరమో, కింద 52 అంతగా సరిపోతుంది. రికవరీ శాతం మీటర్ల మీద కట్టిన లెక్క, మనకు కావలసింది ఏళ్ళ మీద కట్టిన లెక్క. ఈ చిన్న సంగతి బొగ్గు పనిలో పదేళ్ళున్నా నా బుర్రకు తట్టలేదు.

ఇది సగటు లెక్క, దీన్ని మరీ నమ్మకూడదు. ఒడ్డు జారి ఒక్క రోజులో పరిచిన పొరలు మధ్యమధ్య ఉన్నాయి, కాలం లెక్కలోంచి వాటిని తీసెయ్యాలి. ఇంకోటి, రన్‌లో సగమే వచ్చినప్పుడు వచ్చింది పై సగమా కింది సగమా? ఎవరూ చెప్పలేరు. వచ్చినదాన్ని రన్ మొదట్లోనే ఉన్నట్టు రాయడం మా ఆనవాయితీ. ఆనవాయితీ అంతే, సత్యం కాదు. పైపైన చూసే విద్యార్థి ఆ లోతు అంకెను దశాంశాలతో సహా నమ్మేస్తాడు.

మట్టి ఏం చెప్పింది

వయసు ముందు. మట్టిలోని అయస్కాంత రేణువులు అవి పడ్డనాటి భూ అయస్కాంత దిక్కును పట్టుకుని ఉంటాయి. ఆ దిక్కు తిరగబడిన తారీఖులు, సుమారు 7.8 లక్షల ఏళ్ళ కిందటిదీ 26 లక్షల ఏళ్ళ కిందటిదీ లాంటివి, మేకులుగా కొట్టి, నడుమ భాగాన్ని భూకక్ష్య మార్పులతో సరిచూశారు.

తర్వాత రంగు. పొరలు మూడు రకాలు. ముదురు బూడిద రంగులో సన్నటి చారలు చెక్కుచెదరకుండా ఉన్నవి గట్టి చలి యుగాలవి: సరస్సు మీద మంచు ఏడాది పొడుగునా కరగలేదు, అడుగుకి ప్రాణవాయువు అందలేదు, పొరల్ని కెలికే పురుగు లేదు. ఆలివ్ ఛాయలో కెలికినట్టున్నవి మామూలు కాలాలవి, ఎక్కువ భాగం ఇవే. ఎర్రటి గోధుమ రంగులో చారలున్నవి అరుదు. అవి విపరీతమైన వెచ్చటి కాలాలవి. నన్ను మొదట తికమక పెట్టింది అయస్కాంత గుణం. చలి యుగాల పొరల్లో అది పడిపోతుంది. ఇనుము తక్కువ కొట్టుకొచ్చిందేమో అనుకున్నాను. అసలు సంగతి, ప్రాణవాయువు లేని అడుగున మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజం కరిగిపోతుంది. పొర ఎలా పడిందన్నదే కాదు, పడ్డాక దానికి ఏం జరిగిందో కూడా లాగ్ చేయాలి.

ఆ ఎర్ర పొరల్లో రెండు పెద్దవి. ఒకటి సుమారు 4 లక్షల ఏళ్ళ కిందటిది, ఇంకొకటి సుమారు 10.7 లక్షల ఏళ్ళ కిందటిది. ఆ కాలాల్లో అక్కడి వేసవి మన ప్రస్తుత వెచ్చటి యుగం కంటే 4-5 డిగ్రీలు ఎక్కువ, వాన ఏడాదికి 300 మిల్లీమీటర్లు ఎక్కువ. దక్షిణ ధ్రువం వైపు పశ్చిమ అంటార్కిటికా మంచుఫలకం కుంచించుకుపోయిన కాలాలతో ఇవి కలుస్తున్నాయి. లోకానికి ఈ కొసా ఆ కొసా ఒకేసారి వెచ్చబడ్డాయన్నమాట. 2012లో ఇది అచ్చయింది.

మరుసటి ఏడు అడుగు భాగం సంగతి వచ్చింది, మన 52 శాతం భాగం. 36 నుంచి 34 లక్షల ఏళ్ళ మధ్య అక్కడి వేసవి నేటికంటే సుమారు 8 డిగ్రీలు వెచ్చన. ఇప్పుడు చెట్టు లేని ఆ చోట పుప్పొడి నిండా అడవి. అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో సుమారు 400 పాళ్ళు. ఆ పరిశోధన 2013 మేలో వెలువడింది. అదే నెలలో హవాయి మౌనా లోవా కేంద్రంలో రోజువారీ కొలత 400కు చేరిందన్న వార్త కూడా వచ్చింది. యాదృచ్ఛికమే. అయినా ఆ వారం రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

91 శాతం సంగతి

మరి ఒడ్డు కోర్? 141.5 మీటర్లూ ముఖ్యంగా కంకర, ఇసుక. కొండవాలు నుంచి వాగులు మోసుకొచ్చి సరస్సు అంచున విసనకర్రలా పరిచిన మేట. వాగు ఒక ఏడు పరుస్తుంది, ఇంకో ఏడు కోసేస్తుంది. పుప్పొడి అక్కడక్కడే మిగిలింది. ఇలాంటి మేటలో 91 శాతం వచ్చినా అది చిరిగిన పుస్తకంలో చేతికందిన పేజీలన్నీ దొరికినట్టే, చిరిగిన పేజీలు రాడ్డుకి ఎలా దొరుకుతాయి? కొన్నాళ్ళు నేను ఈ రంధ్రాన్ని వృథా ఖర్చు అనే చెప్పేవాణ్ణి, క్లాసులో కూడా.

నా మాట మార్చింది క్వార్ట్జ్, ఇసుకలో ఎక్కువగా కనిపించే గట్టి ఖనిజం. మన ఎండల దేశంలో గ్రానైటు కుళ్ళితే అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ముందు బంకమట్టి అవుతుంది, క్వార్ట్జ్ మొండిగా ఇసుకై మిగులుతుంది. రాయలసీమ వంక ఏదైనా చూడండి. గడ్డకట్టడం కరగడం మళ్ళీ మళ్ళీ జరిగే నేలలో కథ తారుమారు: సూక్ష్మమైన పగుళ్ళలో నీరు మంచై ఉబ్బి, క్వార్ట్జ్ ముందు పగిలి సన్నటి పొడవుతుంది, ఫెల్డ్‌స్పార్ దానికంటే ఓర్చుకుంటుంది. ఏ సైజు రేణువుల్లో ఏది ఎంత ఉందో చూస్తే, ఆ పొడిని పర్మాఫ్రాస్ట్ నూరిందో లేదో చెప్పొచ్చు. సరస్సు అడుగు కోర్లలోని సన్నటి ఒండ్రు ఎక్కడ తయారైందన్న ప్రశ్నకి జవాబు ఒడ్డు కంకరలో ఉంది. మిల్లు ఇక్కడ, పిండి అక్కడ. పిండి మాత్రమే చూసి మిల్లు సంగతి ఊహించే కంటే మిల్లులోకి ఒక రాడ్డు దించడం మంచిది కదా. సరస్సు మట్టం ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో అడగడానికి కూడా ఈ ఒడ్డు కోరే ఆధారం.

ఇంకోటి. కోర్ తీశాక ఆ రంధ్రాన్ని పూడ్చలేదు. పై నుంచి కింది వరకు ఉష్ణోగ్రత కొలిచే కేబుల్ దించి వదిలారు. ఉపరితలం వెచ్చబడితే ఆ వేడి గడ్డ నేలలోకి చాలా నెమ్మదిగా దిగుతుంది, పై పదుల మీటర్లలో గత శతాబ్దపు మార్పు ఇంకా నిలిచి ఉంటుంది. 1986లో లాకెన్‌బ్రుక్, మార్షల్ ఇదే పని ఉత్తర అలాస్కాలో చమురు కోసం తవ్విన పాత రంధ్రాలతో చేశారు. కొన్ని దశాబ్దాల నుంచి ఒక శతాబ్దం లోపల అక్కడి పర్మాఫ్రాస్ట్ పై భాగం 2 నుంచి 4 డిగ్రీలు వెచ్చబడిందని చూపించారు. కోర్ ముక్క అక్కర్లేదు, ఖాళీ రంధ్రం చాలు. బోరు ఎండిపోయిందని మూత వేసి వదిలేసిన రంధ్రాల నడుమ పెరిగినవాణ్ణి, ఖాళీ రంధ్రం పనికొస్తుందన్న మాట నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఈ కేసు చదివాక నా లాగింగ్ కాగితంలో రెండు మార్పులు చేశాను. రికవరీ శాతం గడి పక్కన 'మీటరుకి ఎన్నేళ్ళు' అని ఒక గడి, పెన్సిలుతో రాయడానికి, ఎందుకంటే వయసు తేలేదాకా అది మారుతూనే ఉంటుంది. అట్టడుగున ఇంకో గడి: 'రంధ్రం ఏం చేశారు?' చాలా కాగితాల్లో అక్కడ 'పూడ్చాం' అనే ఉంటుంది.